చైనా వంటల్లో ‘ఎనిమిది మహాశైలులు’: ఈ జాబితా నిలుస్తుందా?

జీలకర్ర:
చైనా ప్రాంతీయ వంటల ప్రస్తావన వస్తే చాలు, షాన్‌డాంగ్, సిచువాన్, గ్వాంగ్‌డాంగ్, జియాంగ్సు, ఫుజియాన్, జెజియాంగ్, హునాన్, అన్హుయి అంటూ ఎనిమిది ప్రావిన్సుల పేర్లు వల్లిస్తారు. ఈ జాబితా ప్రాచీనమైనదేమీ కాదు; 20వ శతాబ్దం ద్వితీయార్ధంలో స్థిరపడింది. అంతకుముందు నాలుగు శైలులనే చెప్పేవారు. గొర్రె మాంసానికీ నాన్‌ రొట్టెలకూ పేరుపడ్డ షిన్‌జియాంగ్‌కు గాని, పులియబెట్టిన పుల్లని రసంలో చేపను ఉడికించే గ్వీజౌకు గాని, అడవి పుట్టగొడుగుల యునాన్‌కు గాని ఇందులో చోటు లేదు. దీన్ని పక్కన పెట్టడమే మంచిదని నా అభిప్రాయం.

రాగిచెంబు:
జీలకర్ర గారూ, జాబితా కొత్తదైనంత మాత్రాన అది చూపే తేడాలు కల్పితాలు కావు. గ్వాంగ్‌డాంగ్ వంటవారు అప్పటిదాకా నీళ్లలో ఈదుతున్న చేపను ఆవిరి మీద ఉడికించి, పళ్లెంలో ఊరిన నీటిని వంపేసి, సన్నగా తరిగిన అల్లం, ఉల్లికాడలు పరచి, పొగలు కక్కే నూనె పోసి, చివర కాస్త సోయా సాస్ చిలకరిస్తారు. చేప తాజాదనాన్ని ఏదీ కప్పేయకూడదన్నది వారి పట్టుదల. సిచువాన్‌లోని పీషియన్‌లో బాకలా చిక్కుడు గింజలనూ మిరపకాయలనూ జాడీల్లో వేసి, పగలు ఎండకు పెడుతూ, కలియబెడుతూ, ఏడాదికి పైగా పులియబెడతారు. ఆ ముద్ద లేనిదే సోయా పనీర్‌తో చేసే కారపు కూర మాపో టోఫు లేదు. ఈ రెండు వంటిళ్లనూ ఒకే గాటన కట్టగలమా?

పొలిమేర:
తేడాలు నిజమే. అయితే తేడా ఉన్న ప్రాంతాలన్నీ జాబితాకెక్కలేదు. ఎక్కువగా డబ్బూ పలుకుబడీ ఉన్న ఊళ్ల వంటలే ఎక్కాయి. జియాంగ్సులోని యాంగ్‌జౌ ఉప్పు వ్యాపారులూ అన్హుయిలోని హుయిజౌ వర్తకులూ వంటవారిని పోషించకపోతే జియాంగ్సు, అన్హుయి పేర్లు ఇంతగా వినిపించేవా అన్నది నా సందేహం. పైగా ప్రావిన్సు అనే కొలమానమే సరికాదు: హువాయ్ నది అన్హుయి గుండానే పారుతుంది, దానికి ఉత్తరాన గోధుమ, దక్షిణాన వరి ప్రధానం. ‘అన్హుయి వంట’గా చలామణీ అయ్యేది ప్రధానంగా దక్షిణాన ఉన్న హుయిజౌ కొండల వంట మాత్రమే.

కుంగ్ పావ్ చికెన్‌నే తీసుకోండి. గ్వీజౌలో పుట్టి, షాన్‌డాంగ్‌ను పాలించి, సిచువాన్ పాలకుడిగా ఉండగా 1886లో మరణించిన డింగ్ బావోజెన్ అనే అధికారి బిరుదు ‘గోంగ్‌బావో’ మీదుగా ఆ పేరు వచ్చింది. మూడు ప్రావిన్సులూ అది తమదేనంటాయి. గ్వీజౌలో దంచిన మిరప ముద్దతో, సిచువాన్‌లో ఎండుమిర్చి, వేరుశనగ గింజలతో చేస్తారు. ఇక మిరపకాయ సంగతి: మన గుంటూరుకు లాగే అక్కడికీ అది అమెరికా ఖండాల నుంచి వచ్చిందే, 16వ శతాబ్దం చివరికి గాని చైనా రాతల్లో కనిపించదు.

రాగిచెంబు:
వంటకం ఎక్కడ పుట్టిందన్నది వేరు, దాన్ని ఏ పద్ధతిలో వండుతారన్నది వేరు. సిచువాన్ వంటవారు కారం, పులుపు, తీపి, నాలుకను తిమ్మిరెక్కించే తమ స్థానిక మిరియాల పాళ్లకు విడివిడిగా పేర్లు పెట్టి శిష్యులకు నేర్పుతారు. మిరపకాయ తగలని వంటలూ వారికి గొప్పవే: కోడి, బాతు, హామ్‌ మరిగించిన రసంలో మెత్తగా నూరిన కోడిమాంసం వేసి మడ్డినంతా తేర్చి, నీళ్లలా తేటగా కనిపించే ఆ రసంలో లేత క్యాబేజీని వడ్డిస్తారు. ఇంత క్రమశిక్షణ ఉన్నదాన్నే శైలి అంటాను. గ్వీజౌను తొమ్మిదోదిగా చేర్చమంటే నాకు అభ్యంతరం లేదు, కానీ ఉన్న ఎనిమిదింటినీ కొట్టివేయడానికి అది కారణం కాదు.