సెల్యులోజ్ కావాలంటే కాలోజ్ వస్తోంది, ఏం చేయాలి?

ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం పెసర మొలకల కాండాల నుంచి కణత్వచాన్ని వేరుచేసి, ముడిసరుకుగా యూడీపీ-గ్లూకోజ్ (గ్లూకోజ్‌ను అందించే అణువు) ఇచ్చి, సెల్యులోజ్‌ను తయారుచేసే ఎంజైమ్ సెల్యులోజ్ సింథేజ్ పనితీరు కొలవాలని చూస్తున్నాను. గొట్టంలో తయారయ్యేది మాత్రం కాలోజే (ఇదీ గ్లూకోజ్ గొలుసే, కానీ అతుకుల తీరు వేరు). కాలోజ్‌ను పట్టిచ్చే రంగు అనిలిన్ బ్లూ వేస్తే అతినీలలోహిత కాంతిలో ధగధగలాడుతోంది. సోడియం హైడ్రాక్సైడ్‌లో దాదాపు అంతా కరిగిపోతోంది. సెల్యులోజ్ అయితే కరగదు కదా!

కణం నలిగితే కాల్షియం చొరబడి కాలోజ్ సింథేజ్ రెచ్చిపోతుందని తెలుసు. అందుకే ఈజీటీఏతో కాల్షియాన్ని కట్టడి చేసి, మెగ్నీషియం ఉంచాను. కాలోజ్ తగ్గింది కానీ సెల్యులోజ్ జాడ లేదు. గైడుగారేమో ఓపిక పట్టమంటారు, అది ఏ సీసాలోనూ దొరకదు.

రుబ్బేటప్పుడే ఆరు రేకుల రోజెట్లు (త్వచంలో సెల్యులోజ్ సింథేజ్‌లు పువ్వులా గుమిగూడిన గుంపులు) చెదిరిపోతున్నాయని నా అనుమానం. త్వచం నుంచి ఎంజైమ్‌ను సున్నితంగా విడదీసే డిటర్జెంట్ డిజిటోనిన్‌తో ఎవరైనా ప్రయత్నించారా? ఎంత గాఢత, ఏ పీహెచ్ వాడారు? లేక పెసర మానేసి, గోడ మందమయ్యే దశలోని పత్తి పీచుకు మారడమే మేలా?