తప్పనిసరి లైసెన్సు పేద దేశాలకు పనికొస్తుందా, కాగితం మీది హక్కేనా?

జీడిమెట్ల రియాక్టర్:
మందు ధర అందకపోతే ట్రిప్స్ (ప్రపంచ వాణిజ్య సంస్థ, అంటే డబ్ల్యూటీవో, మేధో హక్కుల ఒప్పందం) 31వ అధికరణం ఉందిగా, పేటెంటుదారు ఒప్పుకోకపోయినా ఆ మందు చేయడానికి సర్కారు వేరేవాళ్లకి తప్పనిసరి లైసెన్సు ఇవ్వొచ్చుగా అంటారు అందరూ. నా దృష్టిలో అది ఒర దాటని కత్తి. 2012 మార్చిలో మన హైదరాబాద్ నాట్కో కంపెనీకి, బేయర్ పేటెంటున్న క్యాన్సర్ మందు సొరాఫెనిబ్ మీద లైసెన్సు ఇచ్చారు. నెల మందు బేయర్ దగ్గర 2,80,428 రూపాయలు, నాట్కో దగ్గర 8,880. ఆ తర్వాత మన దేశంలో ఇంకొకటి ఇచ్చారా?

ఫారం 27:
చట్టాన్ని అంటే ఎలాగండీ, దరఖాస్తులు చూడండి. మన పేటెంట్ల చట్టం సెక్షన్ 84 కింద పేటెంటు ఇచ్చి 3 ఏళ్లు దాటాలి. ముందు పేటెంటుదారును లైసెన్సు అడగాలి, మామూలుగా 6 నెలలు చూడాలి. 2013లో క్యాన్సర్ మందు దాసాటినిబ్ దరఖాస్తు పోయింది ఈ మెట్టు మీదే. 2015లో లీ ఫార్మా (ఇదీ మన ఊరిదే) షుగర్ మందు సాక్సాగ్లిప్టిన్ అడిగింది. ఎంతమందికి ఆ మందే కావాలి, ఎంత అందుతోంది అన్న లెక్క చూపలేకపోయింది. అదే రకం మందులు లినాగ్లిప్టిన్, సిటాగ్లిప్టిన్ లాంటివి అప్పటికే షాపుల్లో ఉన్నాయి మరి.

నాట్కో గెలిచింది లెక్కతోనే. బేయర్ తన చేత్తో దాఖలు చేసిన ఫారం 27లే (పేటెంటును దేశంలో ఎలా వాడుతున్నారో చెప్పే పత్రాలు) చెప్పాయి, మందు అవసరమైనవాళ్లలో సుమారు 2 శాతానికే అందుతోందని. 2024 సవరణతో ఆ ఫారం ఏటా కాదు, మూడేళ్లకోసారి. గొంతు నొక్కింది అక్కడ!

కోఠి కౌంటర్:
ఇదంతా మన గొడవ అన్నా. ఫ్యాక్టరీయే లేని దేశం సంగతి?

పాశమైలారం ఎగుమతి:
అసలు చిక్కు అదే. ట్రిప్స్ 31(ఎఫ్) ప్రకారం లైసెన్సు మీద చేసిన సరుకు ప్రధానంగా సొంత మార్కెట్‌కే. దీన్ని దాటడానికి 2003లో దారి వేశారు, 2017లో ట్రిప్స్‌లోనే 31 బిస్ అనే అధికరణంగా ఖాయం చేశారు. కొనే దేశం మందు పేరు, పరిమాణం డబ్ల్యూటీవోకి తెలపాలి. చేసే దేశం అంతకే లైసెన్సు ఇవ్వాలి. ప్యాకింగో, మాత్ర రంగో, ఆకారమో వేరుగా ఉండాలి. ఓడ ఎక్కించే ముందు పరిమాణం వెబ్‌సైట్లో పెట్టాలి.

ఈ దారిన మందు వెళ్లింది ఒక్కసారే. 2007 జులైలో రువాండా అడిగితే, కెనడా నుంచి మొదటి సరుకు కదిలింది 2008 సెప్టెంబరులో. లైసెన్సు ఇచ్చింది మొత్తం 1.56 కోట్ల ఎయిడ్స్ మాత్రలకు.

రియాక్టర్ గారికి చెప్పక్కర్లేదు, మందు మారిస్తే రియాక్టర్, డ్రయ్యర్, మిల్లు కడిగి, స్వాబ్‌తో తుడిచి చూస్తే పాత మందు మిగులు పరిమితి లోపే ఉందని తేలేదాకా కొత్త బ్యాచ్ ఎక్కదు. మాత్ర రంగు మారితే స్టెబిలిటీ పరీక్షలు (మందు ఎంతకాలం చెడకుండా ఉంటుందో చూసేవి) మళ్లీ మొదలు. ఒక్క ఆర్డరు కోసం ఇదంతా ఎవరు చేస్తారు?

జీడిమెట్ల రియాక్టర్:
అందుకే పేటెంటునే గేటు దగ్గర ఆపాలంటున్నా. సెక్షన్ 3(డి) (పాత మందుకే కొత్త రూపమిస్తే, గుణం పెరగకుంటే పేటెంటు లేదు), ప్రీ గ్రాంట్ అభ్యంతరం (పేటెంటు ఇవ్వకముందే అడ్డు చెప్పడం) ఉన్నాయి. టీబీ మందు బెడాక్విలిన్ ఫ్యూమరేట్ సాల్ట్ పేటెంటును 2023 మార్చిలో అలాగే తిరస్కరించారు. మందు మీది అసలు పేటెంటు ఆ జులైలో ముగిసింది, జనరిక్‌లకు తలుపు తెరుచుకుంది. లైసెన్సు ఊసే రాలేదు.

ఫారం 27:
ఆ అభ్యంతరానికీ 2024లో ఫీజు పెట్టారు లెండి.

పాశమైలారం ఎగుమతి:
గేటు కాయాలంటే పేటెంటు దరఖాస్తులు పరీక్షించే ఎగ్జామినర్లు కావాలి. దక్షిణాఫ్రికాలో చాలాకాలం పరీక్షే లేకుండా పేటెంట్లు ఇచ్చారు. ఇంకో విడ్డూరం: బాగా వెనకబడిన దేశాలు 2033 జనవరి 1 దాకా మందులకు పేటెంట్లు ఇవ్వనక్కర్లేదు. అయినా సెనెగల్, మాలి ఓఏపీఐ (ప్రధానంగా ఫ్రెంచి మాట్లాడే ఆఫ్రికా దేశాల ఉమ్మడి పేటెంటు సంస్థ) గొడుగు కింద ఇస్తూనే ఉన్నాయి. జెనీవాలో డబ్ల్యూటీవో దగ్గర కొత్త మినహాయింపులు అడిగే ముందు, చేతిలో ఉన్నది సొంత చట్టంలో రాసుకోవద్దూ?