నార్వే వెళ్ళేలోపు నార్వేజియన్ నేర్చుకోవాలి – ఏ కోర్సు, ఏ యాప్ మంచిది?

ప్రశ్న (కాకినాడ నుంచి)

అందరికీ నమస్కారమండి. మావారికి స్టావంగర్‌లో ఆఫ్‌షోర్ ఉద్యోగం వచ్చింది. ఆయన ముందే వెళ్ళిపోయారు. నేను, మా పాప ఆగస్టులో బయల్దేరాలి, వీసా పనులు నడుస్తున్నాయి. పాపకి నాలుగు నిండాయి.

అక్కడ అందరికీ ఇంగ్లీషు వచ్చు, టెన్షన్ పడకు అంటారు ఆయన. ఆఫీసులో ఆయనకి సరిపోతుందేమో గానీ, కొట్టుకి వెళ్ళేది, పాపని బడిలో దింపేది, టీచరుతో మాట్లాడేది నేనే కదా. పాప పడుకున్నాక రాత్రిపూట ఒక గంట దొరుకుతుంది. నెట్‌లో వెతికితే ఎన్ని యాప్‌లు, ఎన్ని వీడియోలు చూపిస్తుందో! ఏది పట్టుకోవాలో తెలియట్లేదు. డబ్బు కట్టాల్సిన కోర్సు అవసరమా? బోక్‌మోల్, నీనోష్క్ అని రెండు రకాలున్నాయట, ఏది నేర్చుకోవాలి? అక్కడికి వెళ్ళాక క్లాసులు ఉచితంగా చెప్తారా? తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

జవాబు (ఓస్లో నుంచి)

బోక్‌మోల్ తీసుకోండి, దాని గురించి ఇంక ఆలోచించకండి. రెండూ ఒకే భాషకి రాత పద్ధతులు, చట్టం ముందు రెండూ సమానమే. పేపర్లలో, కోర్సుల్లో ఎక్కువగా కనిపించేది బోక్‌మోల్. విదేశీయులకి పాఠాలు దాదాపు అన్నీ అందులోనే ఉంటాయి.

డబ్బు కట్టే కోర్సు ఇప్పుడే వద్దు. ట్రోన్‌హైమ్‌లోని ఎన్‌టీఎన్‌యూ యూనివర్సిటీ వాళ్ళ ‘నార్వేజియన్ ఆన్ ద వెబ్’ ఉంది. అందరూ నౌ అంటారు, పూర్తిగా ఉచితం. నేను ఎవరడిగినా మొదట ఇదే చెప్తాను. పది అధ్యాయాలు. ట్రోన్‌హైమ్‌కి కొత్తగా వచ్చిన విద్యార్థుల రోజువారీ మాటల చుట్టూ పాఠాలు అల్లారు. ప్రతి అధ్యాయంలో సంభాషణ, దాని ఆడియో, వ్యాకరణం, అభ్యాసాలు ఉంటాయి. వివరణ ఇంగ్లీషులో ఉంటుంది, ఇంగ్లీషు చదవడం వస్తే చాలు. ఇది శ్రద్ధగా పూర్తి చేస్తే విమానం దిగేసరికి చిన్న చిన్న వాక్యాలు మీ అంతట మీరే కట్టగలుగుతారు. రెండో భాగం కూడా ఉంది గానీ, దాని సంగతి అక్కడికి వెళ్ళాక చూసుకోవచ్చు.

డ్యూలింగో గురించి ఎలాగూ ఎవరో ఒకరు చెప్తారు. దాని నార్వేజియన్ కోర్సు బాగా పెద్దది, మాటలు గుర్తుండటానికి పనికొస్తుంది. బస్సులోనో, వంట మధ్యలోనో చేసుకోండి. కానీ రాత్రి దొరికే ఆ గంట మాత్రం దానికి ఇవ్వకండి. అందులో వాక్యాలు చదివి నొక్కుకుంటూ పోతాం, నోరు తిరగదు. నౌ పాఠంలో ఆడియో ఆపి ఆపి పైకి అనాలి, అదే పాఠం మర్నాడు మళ్ళీ వినాలి.

ఇంకో మాట. ఇంగ్లీషువాళ్ళ కోసం చేసిన వీడియోల్లో ఇది కష్టం, అది కష్టం అంటుంటారు. అందులో చాలా వాటికి మనం భయపడక్కర్లేదు. ‘తక్’ అంటే థ్యాంక్స్, ‘తాక్’ అంటే ఇంటి కప్పు. దీర్ఘం, ఒత్తు తేడా మనకి చిన్నప్పటి నుంచీ ఉన్నదే. ఓస్లో వైపు ఆర్ తర్వాత టి వస్తే అది మన ‘ట’, ఆర్ తర్వాత ఎన్ వస్తే ‘ణ’, ఎల్ వస్తే ‘ళ’, ఎస్ వస్తే ‘ష’. పిల్లలకి బి-ఏ-ఆర్-ఎన్ అని రాస్తారు, పలకడం ‘బాణ్’. మ్యాప్‌కి కె-ఏ-ఆర్-టి అని రాస్తారు, పలకడం ‘కట్’. ఆర్ లేకుండా ఒట్టి టి ఉంటే అది ‘త’కి దగ్గర. ఇంగ్లీషు అలవాటు కొద్దీ దాన్ని ‘ట’ అనేస్తాం, అక్కడ కాస్త చూసుకోండి. నోట్‌బుక్‌లో ప్రతి మాటకీ స్పెల్లింగ్ పక్కన తెలుగులో ఉచ్చారణ రాసుకోండి. త–ట, న–ణ, ల–ళ వేరు చేసి రాయగలిగే లిపి మనకి ఉండగా ఇంగ్లీషు అక్షరాలతో కుస్తీ పట్టడం ఎందుకు?

నిజంగా కష్టపడాల్సింది అచ్చుల దగ్గర. వై అక్షరానికి ‘ఈ’ అంటూనే పెదాలు గుండ్రంగా ముందుకు పెట్టాలి. అడ్డగీత ఉన్న ఓ అక్షరానికి ‘ఏ’ అంటూ అలాగే చేయాలి. మామూలు ఓ చాలాచోట్ల ‘ఊ’ అవుతుంది, పుస్తకం ‘బూక్’. పైన చిన్న సున్నా ఉన్న ఏ అక్షరం ‘ఓ’. అద్దం ముందు నిలబడి రోజూ కాసేపు చేయండి. అదే యూనివర్సిటీ వాళ్ళది కాల్‌స్ట్ అని ఉచ్చారణ సాధన సైటు ఉంది, అదీ ఉచితమే. మీ మాతృభాష ఏదో చెప్తే, దాన్ని బట్టి మీకు అలవాటు లేని ధ్వనులు ముందుకు తెచ్చి వినిపిస్తుంది.

జవాబు (స్టావంగర్ నుంచి)

చెల్లీ, మాది రాజమండ్రి, మీ పక్కూరే. ఓస్లో వారు చెప్పిన కోర్సు విషయం నూరుపాళ్ళు నిజం. కానీ ఆ ‘ట, ణ, ళ’ సంగతి మన స్టావంగర్‌లో చెల్లదు. ఇక్కడ ‘ర’ గొంతులోంచి వస్తుంది, ఫ్రెంచివాళ్ళు పలికినట్టు. అందుకని ఇక్కడ ‘బాణ్’ అనరు, ఆ ఆర్, ఎన్ విడివిడిగా వినిపిస్తాయి. కోర్సులో ‘నేను’కి ‘యై’ అని నేర్చుకుంటారు, మా వీధిలో అందరూ ‘ఎగ్’ అంటారు. ‘కాదు’కి అక్కడ ‘ఇక్కె’, ఇక్కడ ‘ఇక్యె’. ‘ఏమిటి’కి అక్కడ ‘వా’, ఇక్కడ ‘కా’. ట్రోన్‌హైమ్ వెళ్తే ‘నేను’ మళ్ళీ ఇంకోలా ఉంటుంది. టీవీలో, పార్లమెంటులో కూడా ఎవరి యాసలో వాళ్ళు మాట్లాడతారు, దాన్ని ఎవరూ తక్కువగా చూడరు.

కాబట్టి మాట్లాడటం కోర్సులో ఉన్నట్టే నేర్చుకో, అది అందరికీ అర్థమవుతుంది. చెవికి మాత్రం ఈ యాస ముందే అలవాటు చెయ్యి. ఎన్నార్కే అంటే వాళ్ళ ప్రభుత్వ ప్రసార సంస్థ. దానికి రూగలాన్ ప్రాంతీయ వార్తలు వేరుగా ఉంటాయి, స్టావంగర్ ఆ జిల్లాలోదే. ఎన్నార్కే రేడియో యాప్ పెట్టుకుని వంట చేసేటప్పుడు అలా మోగనివ్వు. మొదట్లో ఏమీ అర్థం కాదు, ఫర్వాలేదు. టీవీ కార్యక్రమాల్లో కొన్ని నార్వే బయట తెరుచుకోవు, తెరుచుకున్నవే చూడు. పాపకి ఎన్నార్కే సూపర్ అని పిల్లల విభాగం ఉంది. తనతో పాటు కూర్చుని నువ్వూ చూడు. పిల్లల కార్యక్రమాల్లో చిన్న వాక్యాలే పదే పదే వస్తాయి, మనకీ అదే కావాలి.

పాప విషయానికొస్తే, ఆరేళ్ళు నిండే సంవత్సరంలో బడి మొదలవుతుంది, అప్పటిదాకా బార్నెహాగె, అంటే చిన్నపిల్లల బడి. అక్కడి టీచర్లు నీతో ఇంగ్లీషులో మాట్లాడతారు, కానీ ఫోన్‌కి వచ్చే మెసేజీలు నార్వేజియన్‌లో ఉంటాయి. ‘హుస్క్ రైన్‌తోయ్ ఓ మాత్‌పక్కె’ అని వస్తుంది, అంటే వానబట్టలు, తిండి డబ్బా మర్చిపోకండి అని. స్టావంగర్‌లో వాన ఎక్కువ, వాన పడినా పిల్లల్ని బయట ఆడిస్తారు. అందుకని ఈ మాటలు ముందే రాసుకో: రైన్‌తోయ్ (వానబట్టలు), స్తోవ్లెర్ (బూట్లు), వొత్తెర్ (చేతి తొడుగులు), ఉల్ (ఉన్ని), షిఫ్తెతోయ్ (మార్చుకునే జత), సీక్ (ఒంట్లో బాగోలేదు), హెంతె (వచ్చి తీసుకెళ్ళడం).

కొట్లో కౌంటరు దగ్గర ‘పూసె?’ అని అడుగుతారు, సంచీ కావాలా అని. వద్దంటే ‘నై, తక్’. మీ ఇంట్లో గొడ్డు మాంసం, పంది మాంసం తినకపోతే ప్యాకెట్ మీద రెండు మాటలు కళ్ళకి కట్టేలా నేర్చుకో. ఎస్-టి-ఓ-ఆర్-ఎఫ్-ఇ అని ఉంటే గొడ్డు మాంసం, ఎస్-వి-ఐ-ఎన్ అని ఉంటే పంది. ఇవి ఒక్కోసారి పొడవాటి మాట మొదట్లో కలిసిపోయి ఉంటాయి, ఇక్కడ రెండు మూడు మాటలు కలిపి రాసేస్తారు. ‘షొట్‌డైగ్’ అంటే కైమా, మామూలుగా అది గొడ్డు మాంసందే. కోడి ‘షిల్లింగ్’, గుడ్డు ‘ఎగ్’. సాసేజీని ‘పొల్సె’ అంటారు, ఎక్కువ వాటిలో పంది ఉంటుంది, వెనకాల చదవకుండా కొనకు.

టైము చెప్పేటప్పుడు జాగ్రత్త. ‘హల్ త్రే’ అంటే రెండున్నర. త్రే అంటే మూడు కదా, మూడున్నర అనుకుంటే గంట ఆలస్యంగా చేరతావు. డాక్టర్ అపాయింట్‌మెంట్ అయితే అంకెల్లో మెసేజ్ పెట్టమను.

ప్రశ్న (హైదరాబాద్ నుంచి)

మధ్యలో వచ్చినందుకు సారీ అండి. మేం జనవరిలో ట్రోమ్సో వెళ్తున్నాం, నార్తర్న్ లైట్స్ చూడటానికి, వారం రోజులు. మాకూ ఇవన్నీ అవసరమా?

జవాబు (ఓస్లో నుంచి)

వారానికైతే కోర్సు అక్కర్లేదు, ఇంగ్లీషు హాయిగా సరిపోతుంది. ‘హై’, ‘తక్’, ‘ఉన్‌షిల్’ (క్షమించండి), ‘హా దే’ (వెళ్ళొస్తాం), ఈ నాలుగూ అలవాటు చేసుకోండి. బోర్డుల మీద రెండు మాటలు గుర్తుపట్టండి. ‘ఇన్‌స్తిల్త్’ అంటే రద్దయింది, ‘ఫొషింకెత్’ అంటే ఆలస్యం. మంచు రోజుల్లో బస్సులకీ, విమానాలకీ ఇవి కనిపిస్తుంటాయి. దారి వెతకడానికి ఎన్‌టూర్ యాప్, వాతావరణానికి ఈర్ యాప్ పెట్టుకోండి, రెండూ ఇంగ్లీషులో వాడుకోవచ్చు. అత్యవసరమైతే అంబులెన్సుకి 113, పోలీసుకి 112, ఫైరుకి 110. అక్కడా ఇంగ్లీషులో మాట్లాడతారు.

జవాబు (ట్రోన్‌హైమ్ నుంచి, ఎంఎస్ చదువుతున్నాను)

అక్కా, వ్యాకరణం గురించి ఒక మాట. క్రియలు చాలా సులువు. నేను, నువ్వు, వాళ్ళు, ఎవరికైనా ఒకటే రూపం, మనలా ‘వచ్చాను, వచ్చావు, వచ్చారు’ అని మార్చక్కర్లేదు. మీరు–నువ్వు తేడా కూడా వాడుకలో లేదు. ప్రొఫెసర్‌నైనా, డాక్టర్‌నైనా ‘దూ’ అని, పేరు పెట్టి పిలుస్తారు. నాకు మొదట్లో నోరు రాలేదు, కానీ ఇక్కడ అదే మర్యాద.

తడబడేది వాక్యంలో మాటల వరుస దగ్గరే. మామూలు వాక్యంలో క్రియ రెండో స్థానంలో ఉండాలి. ‘నేను వెళ్తున్నాను ఈరోజు’ అనొచ్చు. ‘ఈరోజు’తో మొదలుపెడితే మాత్రం ‘ఈరోజు వెళ్తున్నాను నేను’ అని తిప్పాలి. మనకి క్రియ చివర్లో ఉండటం అలవాటు కాబట్టి ఇది పైకి అని అని నోటికి పట్టించాల్సిందే. నౌలో దీనికి అభ్యాసాలున్నాయి, వదలకుండా చేయండి.

మాటల అర్థాలకి ఓర్డ్‌బోకెనె అనే ఉచిత నిఘంటువు సైటు ఉంది. బెర్గెన్ యూనివర్సిటీ, నార్వే భాషా మండలి కలిసి నడుపుతాయి. అర్థాలు నార్వేజియన్‌లోనే ఉంటాయి కాబట్టి కాస్త వచ్చాక బాగా పనికొస్తుంది. చదవడానికి క్లార్ తాలె అని తేలిక భాషలో వార్తాపత్రిక ఉంది, నెట్‌లో వినొచ్చు కూడా. నౌ సగం దాటాక రోజుకో చిన్న వార్త చాలు. ఫోన్ కీబోర్డులో నార్వేజియన్ ఇప్పుడే కలుపుకోండి, æ, ø, å అనే మూడు అదనపు అక్షరాలు లేకుండా రాస్తే మాటే మారిపోతుంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ చాలా థ్యాంక్సండి. రాజమండ్రి అక్కా, మీరు చెప్పిన బార్నెహాగె మాటలు ఫ్రిజ్ మీద అంటించాను, పాప అప్పుడే ‘వొత్తెర్’ అంటోంది. క్లాసుల సంగతి ఎవరూ చెప్పలేదు. అక్కడ ఉచితమేనా? పుస్తకాలు ఇక్కడే కొని తెచ్చుకోవాలా?

జవాబు (స్టావంగర్ నుంచి)

శరణార్థులుగా వచ్చినవాళ్ళకి ఉచితంగా నేర్చుకునే హక్కు ఉంటుంది. మనలా ఉద్యోగ వీసా మీద వచ్చిన కుటుంబాలకి సాధారణంగా ఆ హక్కు ఉండదు, ఫీజు కట్టి చేరాలి. నేర్చుకోవాల్సిన బాధ్యత మాత్రం కుటుంబ వీసా మీద వచ్చేవాళ్ళకి ఉంటుంది, కాబట్టి నీ పర్మిట్ లెటర్లో ఏం రాశారో పూర్తిగా చదువు. స్టావంగర్ కొమ్యూనె (మన మున్సిపాలిటీ లాంటిది) నడిపే కేంద్రం యోహానెస్ లేరింగ్స్‌సెంటర్. వచ్చిన వారంలోనే అక్కడికి వెళ్ళి అడుగు. ముందు నీ స్థాయి చూసి, దాన్ని బట్టి క్లాసులో కూర్చోబెడతారు. నౌ పూర్తి చేసి వస్తే మొదటి క్లాసు నుంచి మొదలుపెట్టక్కర్లేదు, ఫీజూ మిగులుతుంది.

డబ్బు లేకుండా మాట్లాడే చోటు కావాలంటే ‘స్ప్రోక్‌కఫే’ అని వెతుకు. లైబ్రరీల్లో, రెడ్ క్రాస్ దగ్గర స్థానికులు వచ్చి కూర్చుని కొత్తవాళ్ళతో నార్వేజియన్‌లో కబుర్లు చెప్తారు. పాపని తీసుకురావచ్చా అని ముందు అడిగి వెళ్ళు. ఇక్కడివాళ్ళు మనం తడబడగానే సాయం చేద్దామని ఇంగ్లీషులోకి మారిపోతారు. ‘నార్వేజియన్‌లోనే చెప్పండి, నేర్చుకుంటున్నాను’ అను. సంతోషంగా నెమ్మదిగా చెప్తారు, అప్పుడు నీకు మాట వస్తుంది.

ఇక్కడే ఉండిపోవాలని తర్వాత అనుకుంటే, పౌరసత్వానికి మాట్లాడే పరీక్షలో బీ1 స్థాయి (రోజువారీ విషయాలు సొంతంగా మాట్లాడగలిగే మెట్టు) కావాలి, 2022 అక్టోబరు నుంచి ఆ నియమం ఉంది. అది ఇప్పటి సంగతి కాదులే, చెవిన వేశానంతే.

పుస్తకాలు మోసుకురాకు. క్లాసుల్లో మొదట్లో ఎక్కువగా వాడేది ‘పో వై’ అనే పుస్తకం, ఏ1, ఏ2 స్థాయిలకి, అంటే మొదటి రెండు మెట్లకి. కొత్తది ఖరీదెక్కువ. సోల్వ్‌బెర్గెట్ లైబ్రరీలో అడుగు, సభ్యత్వానికి డబ్బేమీ తీసుకోరు. సొంతానికి కావాలంటే ఫిన్ సైటులో పాతవి అమ్ముతుంటారు. కానీ డబ్బు విప్స్ అనే ఫోన్ చెల్లింపుల యాప్‌లో పంపమంటారు, దానికి ఇక్కడి బ్యాంకు ఖాతా ఉండాలి. మీవారి ఖాతా తెరుచుకుందంటే ఆయన్నే చూసి కొనమను. ఏ ఎడిషనో మాత్రం ముందు క్లాసులో కనుక్కోండి, పాత ఎడిషన్‌లో పాఠాల వరుస వేరుగా ఉంటుంది.