చిన్న విగ్రహానికి ముదురు ఛాయ ముఖం ఆయిల్ రంగులతో వేస్తే పౌడర్ దట్టించినట్టు వస్తోంది, ఏం చేయాలి?

సందేహం: 75 మి.మీ. మనిషి బొమ్మ (చిన్న విగ్రహం). అక్రిలిక్ (నీళ్ళతో కలిపే రంగు) గోధుమరంగు అండర్‌కోట్ (అడుగు పూత) మీద బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమ) ఆయిల్ పల్చగా వేసి, వెలుగు పడే చోట టైటానియం వైట్, నీడల్లో నలుపు కలుపుతున్నాను. దూరం నుంచి పర్లేదు గానీ దగ్గర పెట్టుకుని చూస్తే ముఖమంతా పౌడర్ దట్టించినట్టుంది, పైగా నూనె రాసినట్టు మెరుపు కూడా. ఇంకా ఆరలేదు. తుడిచేసి మళ్ళీ మొదలుపెట్టనా?

జవాబు: తుడిచేయండి, టెన్షన్ అక్కర్లేదు. వైట్ స్పిరిట్‌లో (ఆయిల్ రంగును కరిగించే ద్రావకం) ముంచి పిండేసిన బ్రష్‌తో మెల్లగా లాగితే ఆయిల్ వచ్చేస్తుంది, కింద అక్రిలిక్ పూర్తిగా ఆరి ఉంటే దానికేం కాదు (రుద్దకండి, కిటికీ తెరిచి పెట్టుకోండి). అసలు తంటా తెలుపుతో. అది రంగును లేతగా చేయడంతో ఆగదు, చల్లగా కూడా మార్చేస్తుంది, ముదురు చర్మంలో ఉండే ఎరుపూ పసుపూ అందులో చచ్చిపోతాయి. మధ్య రంగుకి బర్న్ట్ అంబర్‌లో బర్న్ట్ సియన్నా (ఎర్రటి గోధుమ) కలపండి, లేతబరచాలంటే ముందు సియన్నా పాళ్లు పెంచండి, తర్వాత ఎల్లో ఓకర్ (మట్టి పసుపు), మరీ అవసరమైతే కొసకి కొంచెం నేపుల్స్ ఎల్లో (లేత పసుపు). నీడలకు ట్యూబులోని నలుపు వద్దు, అంబర్‌లో అల్ట్రామెరైన్ (ముదురు నీలం) కలిపితే దాదాపు నల్లగానే వస్తుంది కానీ జీవం ఉంటుంది. ముక్కు పక్కన, చెవి వెనక లాంటి చోట్ల చిటికెడు అలిజరిన్ క్రిమ్సన్ (ముదురు ఎరుపు) కూడా పడితే ఇంకా బాగుంటుంది.

మరొకరు: పైవారి మాటే గానీ, తెలుపు పూర్తిగా మానేయమంటే నేను ఒప్పుకోను. ముదురు చర్మం మీద ఒంపు తిరిగే కొద్దీ రంగు లేతబడటం ఒకటి, వెలుగు నేరుగా తగిలి తళుక్కుమనడం ఇంకొకటి. మొదటిది వెచ్చని రంగుల పని, అక్కడ తెలుపు పెడితే బూడిదే. రెండోది కాంతి ప్రతిబింబం కాబట్టి దానికి వెలుగు రంగే వస్తుంది, ఆరుబయట నిలబడ్డ మనిషైతే ఆకాశం నీలం. ముక్కు కొస, చెంప ఎముక పైన, కనుబొమ్మ ఎముక, కింది పెదవి మధ్య, భుజం మీద, ఇంతే చోట్ల, నీలం కలిసిన బూడిదతెలుపు సూదిమొన అంత పెట్టి అంచులు మాత్రమే పొడి బ్రష్‌తో కలపండి. చుట్టూ ముదురు అలాగే ఉండనివ్వాలి, చాలామంది భయపడి మొత్తం లేతబరిచేస్తారు.

సందేహం (మళ్ళీ): మెరుపు సంగతి? కళ్ళూ అరచేతులూ ఎలా?

మొదటి జవాబిచ్చినవారు: ట్యూబులోంచి తీసిన రంగును అట్టముక్క మీద ఓ గంట, రెండు గంటలు ఉంచండి, ఎక్కువైన నూనె అట్ట పీల్చేస్తుంది. మరీ పీల్చనిస్తే కలవదు, పొడిపొడిగా లాగుతుంది, కాబట్టి మధ్యలో చూస్తుండండి. అరచేతులు, అరికాళ్ళు, గోళ్ళు లేతగా, కొంచెం గులాబీ వైపు ఉండాలి, చేతి గీతలు మాత్రం ముదురే. వేళ్ళ కణుపులు, మోచేతులు చుట్టుపక్కల చర్మం కంటే ముదురు. కంటి తెలుపుకి శుభ్రమైన తెలుపు పెడితే బొమ్మ ఉలిక్కిపడ్డట్టు కనిపిస్తుంది, అందులో అంబర్ కలిపి మాసినట్టు చేయండి. పై పెదవి కింది పెదవి కంటే ముదురు.

మరొకరు: ఇంకోటి, ముదురు అంటే ఒకటే రంగు కాదు కదా. ఎర్రగా తిరిగేవాళ్ళున్నారు, నీలంవైపు ఉండేవాళ్ళున్నారు, కొంచెం ఆకుపచ్చ ఛాయ ఉన్నవాళ్ళూ ఉన్నారు. ఒక మనిషి ఫోటో ముందు పెట్టుకునే వేయండి, ఆకుపచ్చ ఛాయకి బర్న్ట్ అంబర్ బదులు రా అంబర్ (ఆకుపచ్చ వైపు తిరిగే గోధుమ) తీసుకోండి.

సందేహం (చివరిగా): ఆరడానికి ఎంత టైం? మ్యాట్ (మెరుపు లేని) వార్నిష్ కొట్టేయనా?

మొదటి జవాబిచ్చినవారు: అంబర్లలో మాంగనీస్ ఉండడం వల్ల పల్చటి పొర ఒకట్రెండు రోజుల్లో చేతికి అంటకుండా ఆరొచ్చు, కానీ అలిజరిన్, టైటానియం వైట్ కలిసిన చోట్లు ఆలస్యం. ఓ వారం దుమ్ము పడకుండా బొమ్మ మీద ఏదైనా డబ్బా బోర్లించి పెట్టండి. బట్టలకి మ్యాట్ కొట్టండి, చర్మానికి మాత్రం శాటిన్ (కొద్దిగా మెరిసేది), లేకపోతే ఆ నీలి తళుకులన్నీ చప్పబడిపోతాయి.