కొత్తగా వచ్చిన పోస్ట్‌డాక్ తమ్ముడికి: పేరు, పేపర్లు, సైటేషన్ల లెక్క

పొదిలి నుంచి, ప్రస్తుతం హ్యూస్టన్:

అన్నలకీ అక్కలకీ నమస్కారం. ఎముకల మీద పనిచేసే ల్యాబ్‌లో పోస్ట్‌డాక్‌గా (పీహెచ్‌డీ తర్వాత చేసే పరిశోధన ఉద్యోగం) కొత్తగా చేరాను. పీహెచ్‌డీ నెల్లూరులో, ఫ్లోరైడ్ ఎముకను ఎట్లా పాడుచేస్తుందనే దాని మీద. పేపర్లు తొమ్మిది. వాటిని వేరేవాళ్ళు ఎన్నిసార్లు ఉదహరించారో చెప్పే సైటేషన్లు గూగుల్ స్కాలర్‌లో ఒక లెక్క, స్కోపస్ అనే పేపర్ల జాబితాలో ఇంకో లెక్క. వైద్య పేపర్ల జాబితా పబ్‌మెడ్‌లో నా పేరు కొడితే వేరేవాళ్ళవి వందలు వస్తున్నాయి. మా పీఐ (ల్యాబ్ పెద్ద) బయోస్కెచ్ (గ్రాంటు దరఖాస్తుకి పెట్టే మన పని వివరం) అడుగుతున్నారు. గ్రీన్‌కార్డుకి ఇన్ని సైటేషన్లు ఉండాలని తలా ఒక అంకె చెప్తున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

కావలి అన్న:

తమ్ముడూ, అంకెల సంగతి తర్వాత. ముందు పేరు సరిచేసుకో. మనవైపు ఇంటిపేరు ముందుంటుంది, తర్వాత రెండు పేర్లు, చివర రెడ్డో నాయుడో రావో. పబ్‌మెడ్ చివరి పేరు పక్కన రెండు పొడి అక్షరాలే చూపిస్తుంది, మూడోది రాలిపోతుంది. అందుకే ‘రెడ్డి సి వి’ అని కొడితే గుండె డాక్టర్ల దగ్గర్నుంచి పశువైద్యుల దాకా అందరూ వచ్చి పడతారు. ఒక పేపర్లో ఇంటిపేరు చివరకి పోయి, ఇంకోదాంట్లో రెడ్డి చివరకి వచ్చిందనుకో, స్కోపస్ నిన్ను ఇద్దరు మనుషులుగా లెక్కేస్తుంది. సైటేషన్లు చీలిపోయి రెండు చోట్లా హెచ్ ఇండెక్స్ (పేపర్లనీ సైటేషన్లనీ కలిపి చూసే అంకె) తక్కువగా కనిపిస్తుంది.

పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడిలో ఏముందో ఇకమీదట పేపర్ మీద చివరి పేరు అదే ఉండనీ. సర్‌నేమ్ గడి ఖాళీగా ఉన్నవాళ్ళకి వీసా మీద మొదటి పేరు చోట ఎఫ్‌ఎన్‌యూ (మొదటి పేరు తెలియదని) అని పడుతుంది. ఆ మూడక్షరాలు యూనివర్సిటీ రికార్డుల్లోంచి జర్నల్ సబ్మిషన్ ఫారంలోకి పాకకుండా ప్రతిసారీ చూసుకో. అచ్చయ్యాక దిద్దించాలంటే జర్నల్ వాళ్ళ చుట్టూ తిరగాలి.

తర్వాత ఆర్కిడ్, అంటే పరిశోధకులకి ఇచ్చే గుర్తింపు నంబరు. 2012లో మొదలైంది, ఉచితం, 16 అంకెల నంబరు, చివరిది ఒక్కోసారి ఎక్స్ ఉంటుంది. యూనివర్సిటీ ఈమెయిల్‌తో పాటు సొంత ఈమెయిల్ కూడా కలుపు. ల్యాబ్ మారి పాత మెయిల్ మూసేస్తే ఖాతాలోకి వెళ్ళడానికి అదే దారి. పాత పేపర్ల మీదున్న పేరు రూపాలన్నీ ‘ఇతర పేర్లు’ గడిలో రాసిపెట్టు, పాతవి మార్పించే పని పెట్టుకోవద్దు. పేపర్లను చేత్తో టైపు చెయ్యకుండా డీఓఐ నంబరుతో (పేపరుకి ఇచ్చే శాశ్వత గుర్తింపు) చేర్చు. టైపు చేస్తే ఒక అక్షరం తేడాకే ఒకే పేపరు రెండుసార్లు పడుతుంది. డీఓఐలు నమోదుచేసే క్రాస్‌రెఫ్‌కి అనుమతి ఇచ్చిపెడితే, సబ్మిషన్‌లో ఆర్కిడ్ ఇచ్చిన కొత్త పేపర్లు వాటంతట అవే వచ్చి చేరతాయి.

బుచ్చి అక్క:

అన్న చెప్పింది అయ్యాకే ఇది మొదలుపెట్టు. గూగుల్ స్కాలర్‌లో ప్రొఫైల్ తెరిస్తే, దొరికిన పేపర్లను అదే చేర్చుకుంటూ పోయే ఏర్పాటు ఒకటుంది. అది ఆపేసి, ముందు ఈమెయిల్‌లో అడిగే ఏర్పాటు పెట్టుకో. లేకుంటే ఎవరి పేపర్లో వచ్చి నీ ఖాతాలో చేరతాయి, చూసేవాళ్ళు నువ్వే పెట్టుకున్నావనుకుంటారు. ఒకే పనికి ప్రీప్రింట్ (అచ్చుకి ముందు ఆన్‌లైన్‌లో పెట్టిన రూపం), అచ్చయిన పేపరు విడివిడిగా కనిపిస్తే రెండింటినీ టిక్ చేసి మెర్జ్ కొట్టు. స్కోపస్‌లో నువ్వు నేరుగా మార్చలేవు. రెండు ప్రొఫైళ్ళను కలపమని వాళ్ళ ఆథర్ ఫీడ్‌బ్యాక్ ఫారంలో అడగాలి, వాళ్ళు సరిచూసి కలుపుతారు.

లెక్కలు తేడాగా ఉన్నాయని కంగారు పడొద్దు. గూగుల్ స్కాలర్ థీసిస్‌లూ ప్రీప్రింట్లూ పుస్తకాలూ అన్నీ ఏరుకొస్తుంది కాబట్టి ఎక్కువ చూపిస్తుంది. స్కోపస్, అలాంటిదే ఇంకో జాబితా వెబ్ ఆఫ్ సైన్స్ తాము ఎంచుకున్న జర్నళ్ళనే లెక్కిస్తాయి. ఏదైనా సరే, ఒకే దరఖాస్తులో ఒకే చోటి లెక్క వాడు, పక్కన తేదీ వెయ్యి. సైటేషన్లు స్కాలర్‌వీ హెచ్ ఇండెక్స్ స్కోపస్‌దీ కలిపి రాస్తే, చదివేవాళ్ళకి మిగతా కాగితం మీద కూడా నమ్మకం పోతుంది.

ఇంకొకటి. పీఎంఐడీ వేరు, పీఎంసీఐడీ వేరు. మొదటిది పబ్‌మెడ్‌లో ఆ పేపరు వివరం ఉందని చెప్పే నంబరు. రెండోది పూర్తి పాఠం పబ్‌మెడ్ సెంట్రల్‌లో ఉందని చెప్తుంది, పీఎంసీ అనే అక్షరాలతో మొదలవుతుంది. మీ ల్యాబ్ ఎన్‌ఐహెచ్ (అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ) డబ్బుతో నడుస్తుంటే రెండోది తప్పనిసరి. 2025 జులై 1 నుంచి అంగీకారం పొందిన పేపర్లకి పాత 12 నెలల గడువు లేదు, అచ్చయిన రోజుకే అందరికీ తెరిచి ఉండాలి. జర్నల్ వాళ్ళే పంపుతార్లే అని వదిలెయ్యొద్దు. అంగీకారం వచ్చిన వారంలోనే ఎవరు పంపాలో మీ పీఐతో తేల్చుకో. ఇది ఆగితే ల్యాబ్‌కి మరుసటి ఏడాది గ్రాంటు సొమ్ము ఆలస్యం కావచ్చు.

చీమకుర్తి నుంచి:

హెచ్ ఇండెక్స్‌ని 2005లో హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త ప్రతిపాదించారు. నీలాగే తొమ్మిది పేపర్లున్న ఒకరికి సైటేషన్లు 61, 34, 20, 12, 7, 5, 3, 1, 0 అనుకుందాం. హెచ్ అంటే, కనీసం అన్నేసి సైటేషన్లు వచ్చిన పేపర్లు అన్ని ఉండేలా దొరికే పెద్ద అంకె. ఐదో పేపరుకి 7 ఉన్నాయి, ఐదుకి తక్కువ కాదు. ఆరోదానికి 5, ఆరుకి తక్కువ. కాబట్టి హెచ్ 5. మొత్తం సైటేషన్లు 143. ఆ 61 రేపు 600 అయినా హెచ్ ఐదు దగ్గరే ఉంటుంది. ఒక్క గొప్ప పేపరుని అది చూపించలేదు, వయసు తక్కువైనవాళ్ళకి న్యాయం చెయ్యలేదు. అందుకే దాన్ని ఒంటరిగా రాయొద్దని నా గట్టి అభిప్రాయం.

దానికి బదులు ఎన్‌ఐహెచ్ వాళ్ళ ఐసైట్ అనే వెబ్‌సైట్‌కి వెళ్ళి నీ పీఎంఐడీలు అతికించు. రిలేటివ్ సైటేషన్ రేషియో వస్తుంది. అదే రంగంలో అదే కాలపు ఎన్‌ఐహెచ్ పేపర్లతో పోల్చిన అంకె అది, 1.0 వస్తే వాళ్ళ మధ్యస్థ స్థాయిలో ఉన్నట్టు. పబ్‌మెడ్‌లో లేని పేపర్లకి రాదు. కొత్త పేపర్లకి ఏడాది రెండేళ్ళ దాకా దాని మీద ఆధారపడొద్దు.

జర్నల్ ఇంపాక్ట్ ఫాక్టర్ నీది కాదు, జర్నల్‌ది. గత రెండేళ్ళ వ్యాసాలకి ఈ ఏడాది వచ్చిన సైటేషన్లను ఆ వ్యాసాల సంఖ్యతో భాగిస్తే వచ్చేది. కొద్ది పేపర్లే ఆ సగటుని పైకి లాగుతాయి. నీ పేపర్ల ఇంపాక్ట్ ఫాక్టర్లన్నీ కూడి ఒక మొత్తం రాయడం మన కాలేజీల్లో ఉన్న అలవాటు, ఇక్కడ దాన్ని చూస్తే నొసలు చిట్లిస్తారు.

కోవూరు నుంచి:

గ్రీన్‌కార్డు విషయం. ఇన్ని సైటేషన్లు ఉండాలని చట్టంలో ఎక్కడా లేదు. ఈబీ-1ఏకి (అసాధారణ ప్రతిభ చూపించి అడిగే దారి) పది ప్రమాణాల్లో మూడు చూపించాలి, ఆపైన మొత్తం రికార్డుని కలిపి తూస్తారు. ఆ రెండో మెట్టు 2010 నాటి కజారియన్ తీర్పు నుంచి వచ్చింది. ఎన్‌ఐడబ్ల్యూకి (దేశ ప్రయోజనం చూపించి అడిగే దారి) 2016 నాటి ధనసర్ నిర్ణయంలోని మూడు అంశాలు చూస్తారు. రెంటిలోనూ, నీ పనిని నీకు సంబంధం లేనివాళ్ళు వాడుకున్నారా అన్నదానికి బరువెక్కువ. సొంత సైటేషన్లూ సహరచయితలవీ తీసేసి లెక్క వేరుగా రాసుకో. ఎవరైనా నీ పద్ధతి వాడి ప్రయోగం చేసినా, నీ ఫలితంతో తమ ఫలితాన్ని పోల్చినా ఆ పేరా పేజీ నంబరుతో సహా దాచిపెట్టు. పరిచయ వాక్యంలో పదిమందితో కలిపి ఇచ్చిన సైటేషన్ కంటే అలాంటిదొక్కటి బలం.

పేపర్లు రివ్యూ చేస్తే, పూర్తయిందని జర్నల్ పంపే మెయిల్ కూడా దాచుకో. ఒప్పుకున్న మెయిల్ చాలదు. సైటేషన్లు కొనిపెడతామనేవాళ్ళకి జవాబివ్వొద్దు. పొగడ్తలతో పిలిచే జర్నల్ నిజంగా మెడ్‌లైన్‌లో (పబ్‌మెడ్‌లో ఎంపిక చేసిన జర్నళ్ళ భాగం) ఉందో లేదో, పబ్‌మెడ్ నడిపే గ్రంథాలయం ఎన్‌ఎల్‌ఎం క్యాటలాగ్‌లో చూసుకో. పబ్‌మెడ్‌లో కనిపించిందల్లా మెడ్‌లైన్‌లో ఉన్నట్టు కాదు.

పొదిలి నుంచి:

అందరికీ ధన్యవాదాలు. ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలూ పళ్ళూ పాడయ్యే జబ్బు) పేపర్లకి సైటేషన్లు బాగా తక్కువ. బయోస్కెచ్‌లో వదిలేసి ఇక్కడ చేసే పనే రాయమంటారా?

బుచ్చి అక్క:

వదలొద్దు అబ్బాయ్. క్యాన్సర్ మీద పనిచేసేవాళ్ళ గుంపు పెద్దది, ఏటా వేల పేపర్లు రాసి ఒకరినొకరు ఉదహరించుకుంటారు. తాగునీటి ఫ్లోరైడ్ మీద పనిచేసేవాళ్ళు కొద్దిమంది, సైటేషన్లు మెల్లగా వస్తాయి, ఏళ్ళతరబడి వస్తాయి. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి నెల్లూరు జిల్లా ఫ్లోరోసిస్ గురించి ఇండియన్ మెడికల్ గెజిట్‌లో రాశారు. అప్పట్లో కనిగిరి, పొదిలి, దర్శి నెల్లూరు జిల్లాలోవే. ఎముక ఫ్లోరోసిస్ చరిత్ర రాసేవాళ్ళు ఆ పేపరు దగ్గరికి ఇప్పటికీ వస్తారు. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి 1925లో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి రాశారు, అది ల్యాబుల్లో దశాబ్దాలపాటు నడిచింది. పద్ధతి చెప్పిన పేపరుకి ఆయుష్షెక్కువ.

బయోస్కెచ్‌లో ఆ పేపర్ల పక్కన సైటేషన్ అంకె రాయకుండా మూడు వాక్యాలు రాయి: అప్పటిదాకా తెలియనిదేంటి, నువ్వు చూపించిందేంటి, అందులో నీ చేతి పని ఎంత. ఎముక కోతలు నువ్వే తీసి చూశావా, నీళ్ళ నమూనాలు నువ్వే కొలిచావా, స్పష్టంగా చెప్పు. ఇక్కడి ఎముకల పనికీ దానికీ ఉన్న లంకె ఒక్క వాక్యంలో చాలు.

కావలి అన్న:

దానికి తోడు, బావివారీ కొలతలు నీ దగ్గరుంటే అవి కూడా ఉదహరించదగ్గ వస్తువే. డేటా దాచే జెనోడో సైట్‌లో పెడితే డీఓఐ ఇస్తారు, ఆర్కిడ్‌లో చేరుతుంది. పట్టికలో ఊరు, బోరా బావా, లోతు, నమూనా తీసిన తేదీ, లీటరుకి మిల్లీగ్రాముల్లో ఫ్లోరైడ్, కొలిచిన పద్ధతి విడివిడి నిలువు వరసల్లో పెట్టు. ఎలక్ట్రోడ్‌తో కొలిచి ఉంటే టిసాబ్ బఫర్ కలిపారో లేదో రాయి. అది కలపకపోతే నీళ్ళలోని అల్యూమినియం, ఇనుము ఫ్లోరైడ్‌ని పట్టుకుని అంకె తగ్గిపోతుంది, వాడుకునేవాళ్ళకి ఆ సంగతి తెలియాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శక విలువ 1.5 దాటిన వాటికి గుర్తు పెడితే ఇంకా మేలు. ఇంటివాళ్ళ పేర్లు, ఇంటి నంబర్లు తీసెయ్. ఎథిక్స్ కమిటీ ఇచ్చిన అనుమతిలో డేటా పంచుకోవచ్చని ఉందో లేదో నెల్లూరులో మీ గైడు గారిని అడిగి, ఆయన సరే అన్నాకే అప్‌లోడ్ చెయ్.