డయాలసిస్‌లో ఉన్న అమ్మకు రాగి సంగటి పెట్టవచ్చా? ఎముకల నొప్పి, ఫాస్ఫరస్ గురించి సందేహం

ప్రశ్న (తిరుపతి నుంచి):
మా అమ్మగారికి 62 ఏళ్లు. ఏడాదిన్నరగా వారానికి మూడుసార్లు డయాలసిస్ జరుగుతోంది. మూడు నెలలుగా నడుము, తుంటి నొప్పితో రాత్రిళ్లు పక్కకు ఒత్తిగిలడం కూడా కష్టంగా ఉంది. గత వారం రక్తపరీక్షలో కాల్షియం 9.1 ఉంది, అంటే మామూలే. కానీ ఫాస్ఫరస్ 6.8, పారాథైరాయిడ్ హార్మోన్ 480 వచ్చాయి. ఆ హార్మోన్ పక్కన గరిష్ఠ పరిమితి 65 అని ఉండటం చూసి చాలా భయపడ్డాం. ఎముకలకు బలమని ఊరి నుంచి రాగులు తెప్పించి రోజూ సంగటి, చెనక్కాయల ఊరిబిండి పెడుతున్నాను. డాక్టరుగారు రాసిన కాల్షియం మాత్ర రాత్రి పడుకోబోయే ముందు వేస్తున్నాను. రక్తంలో కాల్షియం సరిగా ఉన్నప్పుడు ఎముకలు ఎందుకు నొప్పిపెడుతున్నాయి? సంగటి మానిపించాలా?

జవాబు (చిత్తూరు, డయాలసిస్ నర్సు):
అమ్మా, ముందు ఆ మాత్ర వేసే వేళను సరిచూసుకోండి. కిడ్నీ రోగులకు కాల్షియం మాత్రను చాలాసార్లు రాసేది ఎముకల కోసం కాదు, తిన్న తిండిలోని ఫాస్ఫరస్‌ను పేగులోనే పట్టి బయటకు పంపించడానికి. ఖాళీ కడుపున వేస్తే అది పట్టుకోవడానికి ఏమీ ఉండదు, పైగా కాల్షియం మాత్రం రక్తంలోకి చేరుతుంది. మా దగ్గరికి వచ్చే ఒక పెద్దావిడ మాత్రను కొంగుముడిలో పెట్టుకుని, మొదటి ముద్దతోపాటే నమిలి మింగుతారు. ఎక్కడ భోజనం చేసినా ఆమె మరిచిపోయింది లేదు. మీ మందుచీటీలో ఏమి రాసి ఉందో చూసి, డాక్టరుగారిని అడిగాకే మార్చండి.

జవాబు (తిరుపతి, జీవరసాయనశాస్త్ర అధ్యాపకుడు):
మీ మొదటి ప్రశ్నకు జవాబు మూత్రపిండంలోనే ఉందండీ. అది ఫాస్ఫరస్‌ను బయటకు పంపలేనప్పుడు ఎముక ఎఫ్‌జీఎఫ్-23 అనే హార్మోన్‌ను ఎక్కువగా విడుదల చేస్తుంది. దానివల్లా, దెబ్బతిన్న మూత్రపిండం వల్లా చురుకైన విటమిన్ డి తయారీ తగ్గి, కాల్షియం పడిపోబోతుంటే పారాథైరాయిడ్ గ్రంథి తన హార్మోన్‌ను పెంచి ఎముకలో ఉన్న కాల్షియంను రక్తంలోకి లాగుతుంది. అందుకే 9.1 అనే అంకె ఒక్కదాన్ని చూసి ఎముక బాగుందని అనుకోలేము. డయాలసిస్ రోగులకు ఈ పారాథైరాయిడ్ హార్మోన్ మామూలు గరిష్ఠ పరిమితికి 2 నుంచి 9 రెట్ల మధ్య ఉంచాలని అంతర్జాతీయ మార్గదర్శకాలు సూచిస్తున్నాయి కాబట్టి, 480 ఆ హద్దులోనే ఉంది. వరుస పరీక్షల్లో పెరుగుతోందా అన్నదే చూడవలసిన విషయం.

ఈ రంగంలో అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయానికి చెందిన డాక్టర్ షారన్ మో కృషి నాకు ఎంతో విలువైనదిగా తోస్తుంది. మూత్రపిండాల జబ్బులో ఎముక, ఖనిజాలు, రక్తనాళాలు ఒకే రుగ్మతలో భాగాలని నిర్వచించిన 2006 నాటి పత్రానికి మొదటి రచయిత్రి ఆమే. రక్తనాళపు గోడలోని కండర కణాలు ఎముక కణాల లక్షణాలను తెచ్చుకుని సున్నాన్ని, అంటే కాల్షియంను, చేర్చుకుంటాయని కూడా ఆమె ప్రయోగాలు చూపించాయి. అంటే ఎముక పోగొట్టుకునే సున్నం గుండె నాళాల్లో చేరే ప్రమాదం ఉంది. అందుకే కాల్షియం మాత్రలను ఇష్టం వచ్చినట్టు పెంచకూడదు.

ఇక సంగటి సంగతి. 2011లో ఆమె బృందం తొమ్మిది మంది కిడ్నీ రోగులకు ఒక వారం శాకాహార ప్రోటీన్, మరో వారం మాంసం, పాల ప్రోటీన్ ఉన్న భోజనం పెట్టింది. రెండింటిలోనూ ఫాస్ఫరస్ దాదాపు సమానమే అయినా, శాకాహారం తిన్న వారంలో రక్తంలోని ఫాస్ఫరస్, ఎఫ్‌జీఎఫ్-23 తక్కువగా ఉన్నాయి. ధాన్యాల్లో ఫాస్ఫరస్ ఎక్కువగా ఫైటేట్ రూపంలో ఉంటుంది. దాన్ని విడగొట్టే శక్తి మన పేగులకు చాలా తక్కువ. తిరుపతి పరిసరాల ఆరోగ్యవంతుల ఆహారంలో కాల్షియం తక్కువ, ఫైటేట్ ఎక్కువ అని ఇక్కడి స్విమ్స్ వైద్య సంస్థ పరిశోధకులు 2007లో ప్రచురించారు. ఆరోగ్యవంతులకు కాల్షియం అందకుండా అడ్డుపడే ఆ ఫైటేటే కిడ్నీ రోగి ఒంట్లోకి ఫాస్ఫరస్ చేరకుండా కొంత కాపాడుతుంది. కూల్‌డ్రింకులు, ప్యాకెట్ తిండిలో కలిపే ఫాస్ఫేట్ మాత్రం దాదాపు మొత్తం ఒంటికి పడుతుంది. అయితే ఆ తొమ్మిది మంది డయాలసిస్ అవసరం రాని దశలో ఉన్నవారు. రాగులు, చెనక్కాయల్లో పొటాషియం కూడా ఉంటుంది కాబట్టి, ముద్ద ఎంత, వారానికి ఎన్నిసార్లు అన్నది పొటాషియం పరీక్ష చూసి మీ ఆహార నిపుణులే నిర్ణయించాలి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ నమస్కారాలు. చీటీ తీసి చూశాను. మాత్ర పేరు కింద చిన్న అక్షరాలతో 'భోజనంతో' అనే రాసి ఉంది. ఇన్నాళ్లూ నేను గమనించలేదు. ఎల్లుండి డయాలసిస్‌కు వెళ్లినప్పుడు చీటీ చూపించి, పొటాషియం ఎంతుందో అడిగి, సంగటి గురించి కనుక్కుంటాను. అంతవరకు ఊరిబిండి ఆపుతున్నాను.