అడుగున మెకాయ్ ముద్ర ఉన్న రెడ్ రైడింగ్ హుడ్ కుకీ జార్ కొనవచ్చునా?

ప్రశ్న (జాడీప్రియ):
పాత అమెరికన్ పింగాణీ సామాను సేకరించడం నేను ఈమధ్యనే మొదలుపెట్టాను. ఒహాయో రాష్ట్రంలోని ఒక పాత వస్తువుల దుకాణంలో పిల్లల కథలోని ఎర్ర ముసుగు పాప లిటిల్ రెడ్ రైడింగ్ హుడ్ ఆకారంలో ఉన్న కుకీ జార్ (బిస్కట్లు దాచే మూత జాడీ) ఒకటి కనిపించింది. దాని అడుగున మెకాయ్ అనే అమెరికన్ పింగాణీ సంస్థ పేరు స్పష్టంగా ఉబ్బెత్తుగా ఉన్నది. ఎత్తు కొలిస్తే పదకొండున్నర అంగుళాలు వచ్చింది. గ్లేజ్ (పైన గాజులా మెరిసే పూత) నిండా సన్నని పగుళ్లు, వాటిలో గోధుమరంగు మరకలు ఉన్నాయి కనుక ఇది 1940ల నాటిదేనని అమ్మకందారు చెబుతున్నారు, 200 డాలర్లు అడుగుతున్నారు. ముద్ర ఉన్నది, పగుళ్లు ఉన్నాయి కాబట్టి అసలైనదేనని నమ్మవచ్చునా? కొన్న తర్వాత అందులో బిస్కట్లు దాచుకోవచ్చునా?

సమాధానం 1 (ఆవం):
జాడీప్రియ గారూ, దయచేసి ఆ ధరకు కొనకండి. మీకు నమ్మకం కలిగించిన ఆ ముద్రే దాన్ని పట్టిస్తున్నది, ఎందుకంటే రెడ్ రైడింగ్ హుడ్ జాడీని మెకాయ్ సంస్థ ఎన్నడూ తయారుచేయలేదు. ఆ బొమ్మ సామానును 1943 నుంచి 1957 వరకు అమ్మినది ఒహాయోలోని క్రూక్స్‌విల్‌కు చెందిన హల్ పాటరీ. అసలైన వాటి అడుగున హల్ వేర్ అనే పేరో, 967 అనే సంఖ్యో, 135889 అనే డిజైన్ పేటెంటు సంఖ్యో కనిపిస్తుంది. మెకాయ్ సంస్థ 1910లో రోజ్‌విల్ పట్టణంలో పుట్టి 1990లో మూతపడింది. ఆ పేరుకు ట్రేడ్‌మార్కు రక్షణ లేని అదను చూసుకుని 1990లలో టెనెసీ రాష్ట్రంలో మెకాయ్ ముద్రతో కొత్త జాడీలు తయారయ్యాయి. ఇతర సంస్థల నమూనాల మీద కూడా ఆ పేరే అచ్చువేయడం వల్ల, మెకాయ్ ఎప్పుడూ చేయని బొమ్మల మీద మెకాయ్ ముద్ర కనిపించే విచిత్రం ఏర్పడింది.

మీరు ఎత్తు కొలిచి చాలా మంచిపని చేశారు. అసలైన హల్ జాడీ దాదాపు పదమూడు అంగుళాలు ఉంటుంది. నకలు చేసేవారి చేతిలో పాత అచ్చులు ఉండవు కనుక, పూర్తయిన జాడీ మీదనుంచే కొత్త అచ్చు తీస్తారు. ఆ అచ్చులో పోసిన మట్టి ఆరేటప్పుడు కొంత, ఆవంలో కాలేటప్పుడు మరికొంత కుంచించుకుపోతుంది కాబట్టి నకలు ఎప్పుడూ మూలం కంటే చిన్నదిగానే వస్తుంది, ముక్కు, వేళ్లు, బుట్ట అల్లిక వంటి సన్నని పనితనం కూడా మొద్దుబారుతుంది. మీ జాడీలో అంగుళానికి పైగా వచ్చిన తేడా సరిగ్గా ఈ లెక్కకే సరిపోతున్నది.

పగుళ్లను వయసుకు సాక్ష్యంగా తీసుకోవడం కూడా ప్రమాదమే. గ్లేజు, దాని కింది మట్టి చల్లబడేటప్పుడు సమానంగా కుంచించుకోకపోతే కొత్త జాడీ మీద కూడా పగుళ్లు పడతాయి. టీ డికాక్షనో కాఫీయో వాటిలోకి ఇంకిస్తే గోధుమరంగు వచ్చేస్తుంది. అడుగున గ్లేజ్ లేని అంచును చూడండి: దశాబ్దాలు అలమరలో జరిగిన జాడీకి అక్కడ అరుగుదల ఒకేవిధంగా కాక, బరువు ఆనిన చోటనే ఎక్కువగా కనిపించాలి.

సమాధానం 2 (రూక్‌వుడ్ అభిమాని):
ఆవం గారి మాటలతో ఏకీభవిస్తూనే, ముద్రలను పూర్తిగా కొట్టిపారేయవద్దని మనవి చేస్తున్నాను. సిన్సినాటిలో మరియా లాంగ్‌వర్త్ నికల్స్ 1880లో స్థాపించిన రూక్‌వుడ్ పాటరీ 1886లో తన పేరులోని మొదటి అక్షరాలతో ఆర్‌పి ముద్రను మొదలుపెట్టి, 1887 నుంచి దాని చుట్టూ ఏటా ఒక జ్వాలను చేర్చుతూ వచ్చింది. 1900 నాటికి పద్నాలుగు జ్వాలలయ్యాయి, ఆ మరుసటి ఏడు నుంచి రోమన్ అంకెలు వేశారు. అంత క్రమశిక్షణతో ముద్రించిన సంస్థ మరొకటి నాకు తెలియదు. అయితే అటువంటి చోట కూడా నేను ముందు మట్టిని చూసి, ఆ తర్వాతే ముద్రను చదువుతాను.

కొత్త సేకర్తలు ఎక్కువగా పొరపడేది రోజ్‌విల్ పాటరీ అనే మరొక సంస్థ విషయంలో. ఆ సంస్థ 1954లో మూతపడిన చాలా ఏళ్లకు, 1990లలో, చైనాలో తయారైన నకళ్లు అమెరికా మార్కెట్‌ను ముంచెత్తాయి. వాటిలో చాలావాటి మీద సంస్థ పేరు ఉంటుంది కానీ యు.ఎస్.ఎ. అనే అక్షరాలు ఉండవు. కనుక ఆ అక్షరాలు లేనివన్నీ నకిలీలని కొందరు తీర్పు చెబుతారు. ఆ తీర్పు తొందరపాటు, ఎందుకంటే 1930ల మధ్యలో చేసిన అసలైన కుండీల మీద కూడా అవి ఉండవు, అంతకుముందు కొన్నింటికి కాగితపు లేబుల్ మాత్రమే అంటించారు. మాగ్నోలియా వంటి 1940ల నమూనాల మీద మాత్రం అవి లేకపోతే అనుమానించవలసిందే.

జాడీప్రియ:
ఇద్దరికీ కృతజ్ఞతలు. దానిని వదిలివేస్తున్నాను. అదే దుకాణంలో ఇంకొక జాడీ ఉన్నది. దాని మీద యు.ఎస్.ఎ. అని తప్ప ఏ పేరూ లేదు, అడుగున రెండు పొడవాటి మెట్టల్లాంటి దిమ్మెలు ఉన్నాయి, ఎర్ర రంగు అక్కడక్కడా రాలిపోయింది. 40 డాలర్లు అంటున్నారు. రాలిన చోట రంగు వేయించవచ్చునా?

సమాధానం 3 (మూత జాగ్రత్త):
అడుగున అటువంటి దిమ్మెలు ఉంటే ముందుగా గుర్తుకు రావలసిన పేరు అమెరికన్ బిస్క్. వెస్ట్ వర్జీనియాలోని విలియమ్స్‌టౌన్‌లో 1919 నుంచి 1982 వరకు నడిచిన సంస్థ అది. పేరు లేకపోవడం లోపం కాదు. ఒహాయోలోని జేన్స్‌విల్‌కు చెందిన షానీ పాటరీ తన పందిపిల్లల జాడీల మీద కూడా తరచుగా యు.ఎస్.ఎ. అని మాత్రమే వేసేది. చుట్టుపక్కల మంచి మట్టి, సహజవాయువు దొరకడంతో ఆ ప్రాంతంలో పదుల సంఖ్యలో కార్ఖానాలు వెలిశాయి, కాబట్టి పేరులేని జాడీని ఆకారాన్ని బట్టే గుర్తుపట్టడం అలవాటు చేసుకోవాలి.

రాలిన ఎర్ర రంగు గురించి కలవరపడకండి. ఆ కాలంలో ముదురు రంగులను చాలాచోట్ల గ్లేజ్ మీద, ఆవంలో కాల్చకుండానే పూసేవారు. దానిని కోల్డ్ పెయింట్ అంటారు. అది కడిగినప్పుడల్లా కొంచెం కొంచెంగా పోతుంది. కొత్తగా రంగు వేయిస్తే కంటికి ఇంపుగా ఉండవచ్చునేమో గానీ, సేకర్తల దృష్టిలో విలువ తగ్గుతుంది, పైగా అతినీలలోహిత దీపం కింద ఆ భాగం వేరుగా మెరిసి బయటపడుతుంది. అదే దీపంతో మీరు అతుకులను కూడా పట్టుకోవచ్చు. నానబెట్టకుండా తడిగుడ్డతో తుడిస్తే చాలు. క్లోరిన్ బ్లీచ్ మాత్రం ఎన్నడూ వాడకండి, పగుళ్ల గుండా మట్టిలో చేరిన లవణాలు ఆరి స్ఫటికాలై గ్లేజ్‌ను పెచ్చులుగా లేపుతాయి.

బిస్కట్లు దాచవద్దు. పాత గ్లేజుల్లోనూ రంగుల్లోనూ సీసం ఉండే అవకాశం ఉన్నది, పగిలిన గ్లేజ్‌ను శుభ్రంగా ఉంచడం కూడా కష్టం.

ధరల గురించి ఒక మాట. ప్రసిద్ధ అమెరికన్ చిత్రకారుడు ఆండీ వార్హోల్ సేకరించిన దాదాపు 175 కుకీ జార్లు 1988లో సదబీస్ వేలంలో రెండు లక్షల డాలర్లకు పైగా పలికాయి. అమ్మకందారులు ఇప్పటికీ ఆ కథను ఎత్తుతారు. అక్కడ పలికిన ధర జాడీలది కాదు, వాటిని దాచుకున్న మనిషిది. మీ 40 డాలర్ల జాడీకి ఆ లెక్క వర్తించదు, అయినా అది సమంజసమైన ధరగానే తోస్తున్నది.

డబ్బు ఇచ్చే ముందు మూతను తీసి, జాడీ లోపలి అంచును వేలితో తడమండి. మూత అంచు కింద పెచ్చులు ఊడడం సర్వసాధారణం, వాటిని దాచడానికే కొందరు మూతను కదపనివ్వరు. రెండింటి గ్లేజ్ రంగు, మట్టి తెలుపు ఒకటేనా అని వెలుతురులో పోల్చండి. మూత వేరే జాడీదని తేలితే ధరను సగానికి తగ్గించమని అడగడం న్యాయమే.